గంట క్లాసులో డాక్టర్లకు ఓపియాయిడ్ల గురించి ఏం నేర్పాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: అమెరికాలో ఒక ప్రైమరీ కేర్ క్లినిక్‌లో పనిచేస్తున్నారు. మీ కౌంటీలో ఓవర్‌డోస్ మరణాలు ఎక్కువయ్యాయి. తోటి డాక్టర్లకు, నర్స్ ప్రాక్టీషనర్లకు, పక్క విభాగంలోని ఇద్దరు డెంటిస్టులకు ఓపియాయిడ్లు (మార్ఫిన్ జాతి నొప్పి మందులు) సురక్షితంగా రాయడం గురించి గంటసేపు క్లాసు చెప్పమన్నారు. వాళ్లంతా 2023లో వచ్చిన తప్పనిసరి 8 గంటల శిక్షణ పూర్తిచేసినవాళ్లే. "తెలిసిందే మళ్లీ చెబితే వింటారా? ఓవర్‌డోస్‌లు నిజంగా తగ్గాలంటే ఆ గంటలో ఏం చెప్పాలి?" అని అడిగారు.

ముందే జవాబు చెప్పేస్తాను. "తక్కువ రాయండి" అనే ఒక్క మాట చెప్పి క్లాసు ముగించకండి. మూడు విషయాలు చెప్పండి. కొత్తగా మొదలయ్యే పేషెంటుకు వీలైనన్ని తక్కువ బిళ్లలు రాయడం ఒకటి. ఏళ్లుగా వాడుతున్న పేషెంటును వదిలేయకుండా ఉండటం రెండోది. ప్రమాదంలో ఉన్న ప్రతి ఇంటికీ నలాక్సోన్ (ఓపియాయిడ్ ఓవర్‌డోస్‌కు విరుగుడు మందు) చేర్చడం మూడోది. గంటలో సగం సమయం రెండోదానికే ఇవ్వండి. ఆ 8 గంటల్లో అందరూ పైపైన విని వదిలేసేది దాన్నే.

నేను పద్ధెనిమిదేళ్లుగా నొప్పి వైద్యంలో ఉన్నాను. అందులో తొమ్మిదేళ్లుగా ఇలాంటి క్లాసులు చెబుతున్నాను. మొదటి రెండేళ్లు తప్పుగా చెప్పాను. అదెలాగో కింద రాస్తాను.

ముందు రెండు నిమిషాలు చరిత్ర చెప్పండి. ఈ సమస్య మొదలైందే డాక్టర్లకు చెప్పిన తప్పుడు పాఠంతో. 1980లో ఒక పెద్ద వైద్య పత్రికలో ఐదు వాక్యాల ఉత్తరం ఒకటి వచ్చింది. నార్కోటిక్ మందు తీసుకున్న 11,882 మంది ఆసుపత్రి పేషెంట్లలో వ్యసనానికి లోనైనవాళ్లు నలుగురే అన్నది దాని సారాంశం. వాళ్లంతా ఆసుపత్రి మంచం మీద, నర్సు చేతుల మీదుగా మందు తీసుకున్నవాళ్లు. ఇంటికి నెలకు సరిపడా బిళ్లలు తీసుకెళ్లినవాళ్లు కాదు. అయినా ఆ ఉత్తరాన్ని "ఓపియాయిడ్లతో వ్యసనం అరుదు" అనడానికి రుజువుగా వాడుకున్నారు. 2017లో లెక్కపెట్టి చూస్తే 608 వ్యాసాలు దాన్ని ఉటంకించాయని తేలింది. 1996లో ఆక్సికాంటిన్ అనే ఓపియాయిడ్ మార్కెట్లోకి వచ్చాక అదే మాటను మందుల కంపెనీ ప్రతినిధులు క్లినిక్ క్లినిక్‌కీ మోసుకెళ్లారు. ఆ మందును తప్పుదోవ పట్టించేలా ప్రచారం చేశామని దాని కంపెనీ 2007లో కోర్టులో నేరం ఒప్పుకుంది. నా రెసిడెన్సీ రోజుల్లో నేనూ ఆ పాఠమే చదువుకున్నాను. క్లాసులో దీన్ని నింద వేస్తున్నట్టు చెప్పకండి. సీనియర్లు తలదించుకుని కూర్చుంటే ఆ తర్వాత మీరు చెప్పేదేదీ వాళ్ల చెవికెక్కదు. "మనకు ఇలా నేర్పారు, మనం అలా రాశాం" అంటే చాలు.

తర్వాత బోర్డు మీద నాలుగు అంకెలు రాయండి. ఓపియాయిడ్ ప్రిస్క్రిప్షన్లు 2012లో సుమారు 25.5 కోట్లు, 2020లో సుమారు 14.2 కోట్లు. అన్ని రకాల డ్రగ్ ఓవర్‌డోస్ మరణాలు 2012లో సుమారు 41,500, 2022లో సుమారు 1,08,000. మనం రాసేది సగానికి దగ్గరగా తగ్గింది. చావులు రెండున్నర రెట్లు దాటాయి. ఇది చూడగానే గదిలో ఎవరో ఒకరు "అయితే మనం తగ్గించి ప్రయోజనం ఏముంది?" అంటారు. అనాలి కూడా. 2013 తర్వాత దొంగచాటుగా తయారైన ఫెంటనిల్ (మార్ఫిన్‌కన్నా ఎన్నో రెట్లు బలమైన ఓపియాయిడ్) వీధుల్లోకి రావడం దీనికి ప్రధాన కారణం. ప్రిస్క్రిప్షన్ తగ్గించడం వల్ల కొత్తగా అలవాటు పడేవాళ్లు తగ్గుతారు, అందులో సందేహం లేదు. కానీ అప్పటికే శరీరం అలవాటుపడ్డ మనిషికి ఒక్కసారిగా మందు ఆపేస్తే ఆ మనిషి నొప్పి ఆగదు, విత్‌డ్రాయల్ (మందు మానితే ఒంట్లో వచ్చే బాధ) ఆగదు. మందు దొరికే చోటు మాత్రం మారుతుంది.

నా పేషెంటు ఒకాయన గురించి చెబుతాను. వివరాలు కొన్ని మార్చాను. యాభై ఎనిమిదేళ్లు, ఇళ్లకు పైకప్పులు వేసే పని చేసేవారు, నడుముకు రెండు ఆపరేషన్లు అయ్యాయి. ఆయన పాత డాక్టరు రిటైరైతే నా దగ్గరికి వచ్చారు. ఆక్సికోడోన్ అనే ఓపియాయిడ్ 30 మిల్లీగ్రాములది రోజుకు నాలుగు, రాత్రికి ఆందోళన తగ్గించే అల్ప్రాజోలామ్ ఒకటి. మార్ఫిన్ లెక్కలోకి మారిస్తే రోజుకు 180 మిల్లీగ్రాములు. అప్పటికి సీడీసీ (అమెరికా ప్రభుత్వ ప్రజారోగ్య సంస్థ) 2016 మార్గదర్శకాలు వచ్చి కొద్ది నెలలైంది. 90 దాటకూడదని అందరం టెన్షన్ పడుతున్న రోజులు. ఆరు వారాల్లో డోసు సగం చేశాను. పని సక్రమంగా చేశానన్న తృప్తి కూడా కలిగింది. తర్వాతి రెండు అపాయింట్‌మెంట్లకు ఆయన రాలేదు. మా క్లినిక్ నుంచి ఎవరూ ఫోన్ చేయలేదు. నేనూ చేయమనలేదు.

నాలుగు నెలల తర్వాత భార్యతో కలిసి వచ్చారు. బయట కొన్న బిళ్ల ఒకటి వేసుకున్నారు. చూడ్డానికి అచ్చం తాను వాడే ఆక్సికోడోన్‌లాగే ఉంది, అందులో ఉన్నది ఫెంటనిల్. ఆవిడ చెప్పిన మాట నేను ప్రతి క్లాసులో చెబుతాను. "ఆ రాత్రి పెద్దగా గురక పెట్టారు డాక్టర్. ఎన్నాళ్లకో ఇంత గాఢంగా నిద్రపోతున్నారని తలుపు దగ్గరగా వేసి వచ్చేశాను." గురక మధ్యలో ఆగిపోయి చప్పుడు లేకపోయేసరికి అనుమానం వచ్చి చూస్తే పెదవులు నల్లబడి ఉన్నాయట. అంబులెన్స్ వాళ్లు వచ్చి నలాక్సోన్ ఇచ్చి బతికించారు.

ఆయన అన్న మాట వేరు. "డోసు తగ్గించినందుకు నాకు కోపం లేదు. తగ్గిస్తున్నానని చెప్పేటప్పుడు మీరు నా ముఖం చూడలేదు, కంప్యూటర్ చూస్తూ చెప్పారు."

అందుకే సగం సమయం రెండో విషయానికి ఇవ్వమంటున్నాను.

ఏళ్లుగా వాడుతున్నవాళ్ల విషయంలో క్లాసులో స్పష్టంగా చెప్పాల్సినవి ఇవి. ఒక్కసారిగా ఆపడం, వేగంగా తగ్గించడం ప్రమాదమని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2019లోనే హెచ్చరించింది. మాజీ సైనికుల రికార్డుల మీద 2020లో వచ్చిన అధ్యయనంలో, ఓపియాయిడ్ ఆపేశాక ఓవర్‌డోస్ వల్ల గానీ ఆత్మహత్య వల్ల గానీ చనిపోయే ముప్పు పెరిగినట్టు కనబడింది. ఎక్కువకాలం వాడినవాళ్లలో ఆ ముప్పు ఇంకా ఎక్కువ. సీడీసీ 2022లో మార్గదర్శకాలు సవరించి, ఏడాదికి పైగా వాడుతున్నవాళ్లకు నెలకు 10 శాతం, లేదా అంతకన్నా నెమ్మదిగా తగ్గించడం మేలంది. 2016 నాటి అంకెల్ని గీత గీసినట్టు వాడొద్దని కూడా అందులోనే చెప్పింది. మీ క్లాసులో చాలామందికి 2016 అంకెలే గుర్తుంటాయి. 2022 సవరణ చదివినవాళ్లు తక్కువ. ఒకసారి చేతులెత్తమని అడిగి చూడండి.

తగ్గించడానికి ముందు పేషెంటు ఒప్పుకోవాలి. మధ్యలో కష్టమైతే ఆగవచ్చు, నెల రెండు నెలలు అదే డోసు మీద ఉండవచ్చు. వెనక్కి పరిగెత్తనక్కర్లేదు, ముందుకు తోయనక్కర్లేదు. అపాయింట్‌మెంటుకు రాకపోతే ఆ రోజే ఎవరో ఒకరు ఫోన్ చేయాలి. ఇప్పుడు మా దగ్గర ఈ ఫోన్ల బాధ్యత ఒక నర్సు చూసుకుంటారు. మా క్లినిక్‌లో అన్నిటికన్నా ఎక్కువ ఫలితం ఇచ్చింది ఇదేనని నా నమ్మకం.

ఇక్కడ ఒక పదిహేను నిమిషాలు ఇద్దరిద్దరుగా కూర్చోబెట్టి మాట్లాడించండి. ఒకరు డాక్టరు, ఒకరు పేషెంటు. పేషెంటు పాత్రలో ఉన్నవాళ్లకు ఒకే వాక్యం ఇవ్వండి: "అంటే నన్ను డ్రగ్ అడిక్ట్ అంటున్నారా?" ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న డాక్టర్లు కూడా ఆ ఒక్క ప్రశ్న దగ్గర ఆగిపోవడం చూశాను. కొందరు పాలసీ మీదికి నెడతారు, "రూల్స్ అలా ఉన్నాయండీ" అంటారు. కొందరు నవ్వేసి మాట మారుస్తారు. నేను నేర్పే జవాబు సుమారుగా ఇలా ఉంటుంది: "లేదండీ. ఈ మందు మీకు రాసింది మా డాక్టర్లమే. ఈ డోసులో మీ ఊపిరి గురించి నాకు భయంగా ఉంది, అందుకే మాట్లాడుతున్నాను. మీరు తట్టుకోగలిగినంత నెమ్మదిగానే వెళ్దాం. మధ్యలో మిమ్మల్ని వదిలేయను." ఎవరి మాటల్లో వాళ్లు చెప్పుకోవచ్చు. చివరి వాక్యం మాత్రం వదలొద్దని చెప్పండి. చెప్పాక దానికి కట్టుబడి ఉండమనండి.

ఆ సంభాషణలో నిజంగానే వ్యసనం బయటపడితే, అంటే ఎంత ప్రయత్నించినా మానలేకపోవడం, హాని జరుగుతున్నా వాడటం, మందు కోసమే రోజంతా గడిచిపోవడం లాంటివి కనబడితే, అక్కడ కేవలం టేపర్ చేయడం (డోసు మెల్లగా తగ్గించడం) చికిత్స కాదు. వ్యసనానికి చికిత్సగా వాడే ఓపియాయిడ్లు బ్యూప్రెనార్ఫిన్ గానీ మెథడోన్ గానీ మొదలుపెట్టాలి. వీటి మీద ఉన్నంతకాలం చనిపోయే ముప్పు సుమారు సగానికి తగ్గుతుంది. బ్యూప్రెనార్ఫిన్‌కు ఒకప్పుడు ప్రత్యేక అనుమతి కావాల్సి వచ్చేది. 2022 డిసెంబరు చివర్లో వచ్చిన చట్టంతో అది పోయింది. షెడ్యూల్ 3 (ప్రభుత్వ నియంత్రణలోని ఒక తరగతి) మందులు రాసే డీఈఏ (అమెరికా డ్రగ్స్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ ఉన్న ఎవరైనా, తమ రాష్ట్ర నిబంధనలకు లోబడి, రాయవచ్చు. అయినా చాలా క్లినిక్‌లలో ఒక్కరూ రాయరు. భయం తప్ప వేరే కారణం నాకు కనబడదు. మీ క్లినిక్‌లో మొదట రాసేది మీరే అవ్వండి. మొదటి ముగ్గురు పేషెంట్ల తర్వాత మిగతావాళ్లు తమంతట తామే మీ గది తలుపు తడతారు.

ఇక కొత్త ప్రిస్క్రిప్షన్లు. ఇది సులువైన భాగం, త్వరగా చెప్పేయొచ్చు. మొదటి చీటీలో ఎన్ని రోజులకు రాస్తామన్నది చాలా తేడా తెస్తుంది. 2017లో సీడీసీ ప్రచురించిన విశ్లేషణలో, మొదటిసారి కనీసం ఒక్క రోజుకు ఓపియాయిడ్ తీసుకున్నవాళ్లలో ఏడాది తర్వాత కూడా వాడుతున్నవాళ్లు 6 శాతం. మొదటి చీటీ 8 రోజులు, ఆపై అయితే 13.5 శాతం. 31 రోజులు, ఆపై అయితే దాదాపు 30 శాతం. ఎక్కువ నొప్పి ఉన్నవాళ్లకు ఎక్కువ రోజులు రాసి ఉండొచ్చు కదా అని ఎవరైనా అడిగితే, అది న్యాయమైన ప్రశ్నే. అదొక్కటే కారణమని చెప్పలేం. కానీ "ఎందుకైనా మంచిది, నెలకు రాసేద్దాం" అనే అలవాటు మానడానికి ఈ అంకెలు చాలు.

మామూలు నడుము నొప్పికి, కీళ్ల అరుగుదలకు ఓపియాయిడ్ ఎంత ఉపకారం చేస్తుందో కూడా చెప్పండి. అమెరికాలో 240 మంది మీద ఏడాదిపాటు చేసి 2018లో ప్రచురించిన ట్రయల్‌లో, దీర్ఘకాలిక నడుము, తుంటి, మోకాలి నొప్పులకు ఓపియాయిడ్లు మిగతా మందులకన్నా మెరుగ్గా పనిచేయలేదు. ఆస్ట్రేలియాలో చేసి 2023లో ప్రచురించిన ట్రయల్‌లో, కొత్తగా వచ్చిన నడుము, మెడ నొప్పికి ఓపియాయిడ్ ఉత్తుత్తి బిళ్లను మించి ఏమీ చేయలేదు. డెంటిస్టులకు ప్రత్యేకంగా ఒక మాట: పన్ను తీశాక వచ్చే నొప్పికి ఐబుప్రొఫెన్, ఎసెటమినోఫెన్ (పారాసెటమాల్) కలిపి ఇస్తే చాలామందికి సరిపోతుంది. జ్ఞానదంతం తీసిన పదిహేడేళ్ల పిల్లకు ఇరవై హైడ్రోకోడోన్ బిళ్లలు రాస్తే, రెండు వాడి పద్ధెనిమిది బాత్రూమ్ అరలో ఉండిపోతాయి. ఆ తర్వాత అవి ఎవరి చేతికి వెళ్తాయో మనకు తెలియదు. మిగిలినవి వెనక్కి తీసుకునే ఫార్మసీలకు ఇచ్చేయమని, అలాంటి చోటు దగ్గర్లో లేకపోతే టాయిలెట్‌లో ఫ్లష్ చేయొచ్చని చీటీ ఇచ్చేటప్పుడే చెప్పాలి.

ఎంఎంఈ లెక్క అందరి చేతా చేయించండి. అంటే ఏ ఓపియాయిడ్‌నైనా రోజుకు ఇన్ని మిల్లీగ్రాముల మార్ఫిన్‌తో సమానం అని చూసుకోవడం. చాలామంది చార్టు ఉంది కదా అని వదిలేస్తారు. కాగితం మీద చేయించండి. హైడ్రోకోడోన్‌కు 1తో, ఆక్సికోడోన్‌కు 1.5తో, ట్రామడాల్‌కు 0.2తో గుణించాలి. గంటకు 25 మైక్రోగ్రాముల ఫెంటనిల్ ప్యాచ్‌కు 2.4తో గుణిస్తే 60 వస్తుంది. "చిన్న ప్యాచ్" అని అందరూ అనుకునేది రోజుకు 60 మార్ఫిన్ అని చూసినప్పుడు గదిలో మార్పు తెలుస్తుంది. 50 దగ్గర ఆగి ఆలోచించాలి. అది దాటాక ముప్పు పెరిగినంతగా ఉపశమనం పెరగదు.

ఒక జాగ్రత్త. ఈ లెక్క ముప్పు అంచనాకు మాత్రమే. ఒక ఓపియాయిడ్ నుంచి ఇంకోదానికి మార్చేటప్పుడు ఇదే సంఖ్యతో డోసు కట్టకూడదు, ప్రాణం పోవచ్చు. ముఖ్యంగా మెథడోన్. అది శరీరంలో రోజుల తరబడి పేరుకుంటుంది. నొప్పి తగ్గే సమయం తక్కువ, ఊపిరి మందగించే సమయం ఎక్కువ. అలవాటు లేనివాళ్లు దాని జోలికి వెళ్లొద్దని చెప్పండి.

బెంజోడయాజిపైన్ల (ఆందోళనకు, నిద్రకు ఇచ్చే మందులు, పొట్టిగా బెంజోలు) గురించి వేరే పాఠం అక్కర్లేదు. పేషెంటు రికార్డులో ఓపియాయిడ్, అల్ప్రాజోలామ్ లాంటివి పక్కపక్కన కనబడితే ఆగమని చెప్పండి. రెండూ కలిస్తే ఊపిరి ఆగే ప్రమాదం ఉందని 2016 నుంచి వాటి లేబుల్ మీద గట్టి హెచ్చరికే ఉంది. అయితే బెంజోనూ ఒక్కసారిగా ఆపకూడదు, ఫిట్స్ రావచ్చు. రాష్ట్ర ప్రిస్క్రిప్షన్ డేటాబేస్ చూసేది పేషెంటును పట్టుకోవడానికి కాదు, ఇలాంటి జంటల్ని పట్టుకోవడానికి. ఇద్దరు డాక్టర్ల దగ్గర మందు తీసుకుంటున్నాడని తెలిసినంత మాత్రాన గెంటేస్తే, మళ్లీ నా పేషెంటు కథే.

నలాక్సోన్. డోసు 50 దాటినవాళ్లు, బెంజో కూడా వాడుతున్నవాళ్లు, నిద్రలో ఊపిరాడని జబ్బు ఉన్నవాళ్లు, ఇంతకుముందు ఓవర్‌డోస్ అయినవాళ్లు, జైలు నుంచో డీటాక్స్ (మత్తు మాన్పించే) కేంద్రం నుంచో కొత్తగా బయటికొచ్చినవాళ్లు: వీళ్లందరికీ ఇవ్వాలి. చివరివాళ్లను మరిచిపోతారు. కొన్ని వారాలు మానేసరికి శరీరం తట్టుకునే శక్తి పోతుంది, పాత డోసే ప్రాణం తీస్తుంది. 2023 నుంచి 4 మిల్లీగ్రాముల ముక్కు స్ప్రే ప్రిస్క్రిప్షన్ లేకుండానే దొరుకుతోంది. అయినా మీరు చీటీ రాయండి. చాలామందికి ఇన్సూరెన్స్ వర్తిస్తుంది, పైగా డాక్టరు రాశారంటే ఇంట్లోవాళ్లు సీరియస్‌గా తీసుకుంటారు.

పేషెంటు తనకు తాను స్ప్రే కొట్టుకోలేడు. కాబట్టి చూపించాల్సింది ఇంట్లోవాళ్లకు. వాళ్లతో గురక గురించి మాట్లాడండి. తడితే లేవని మనిషి గొంతులో గురగుర శబ్దం వస్తుంటే అది నిద్ర కాదు. ఛాతీ మధ్య ఎముక మీద పిడికిలి కణుపులతో గట్టిగా రుద్దినా కళ్లు తెరవకపోతే ఒక ముక్కు రంధ్రంలో స్ప్రే కొట్టి, 911కు ఫోన్ చేసి, నోటితో ఊపిరి అందించాలి. రెండు మూడు నిమిషాల్లో మార్పు రాకపోతే రెండో స్ప్రే. లేచి కూర్చున్నా ఒంటరిగా వదలకూడదు. నలాక్సోన్ ప్రభావం 30 నుంచి 90 నిమిషాల్లో దిగిపోతుంది, ఒంట్లో ఉన్న ఓపియాయిడ్ అంతకన్నా ఎక్కువసేపు ఉండొచ్చు. క్లాసుకు మందు లేని ట్రైనర్ స్ప్రే ఒకటి తీసుకెళ్లి అందరి చేతికీ ఇవ్వండి. ఏళ్లుగా దీన్ని రాస్తూ ఒక్కసారీ చేత్తో పట్టుకోని డాక్టర్లు మీరు అనుకునేదానికన్నా ఎక్కువమంది ఉంటారు.

క్లాసు ఒక్కటే సరిపోదు. నేను మొదటి రెండేళ్లు చేసిన తప్పు ఇదే. స్లైడ్లు చూపించి, చప్పట్లు కొట్టించుకుని వచ్చేశాను. రాసే తీరు మారలేదు. పనిచేసిన పద్ధతి ఏంటంటే, ఒక్కొక్క డాక్టరు గదికి వెళ్లి వాళ్ల సొంత ప్రిస్క్రిప్షన్ల లెక్క వాళ్ల ముందు పెట్టి పావుగంట మాట్లాడటం. మందుల కంపెనీ ప్రతినిధులు చేసిన పనే ఇది, కాకపోతే మన చేతిలో అమ్మేది ఏమీ ఉండదు. దీన్ని అకడమిక్ డిటెయిలింగ్ అంటారు, 1980ల నుంచీ ఉన్న పద్ధతే. శాన్ డియాగో కౌంటీలో ఇంకో ప్రయత్నం చేశారు. ఓవర్‌డోస్‌తో ఎవరైనా చనిపోతే, వాళ్లకు మందు రాసిన డాక్టర్లకు మెడికల్ ఎగ్జామినర్ (మరణ కారణం తేల్చే అధికారి) కార్యాలయం నుంచి మర్యాదగా ఒక ఉత్తరం పంపారు: మీ పేషెంటు చనిపోయారు, సురక్షితంగా రాయడానికి ఈ సూచనలు పాటించండి అని. తర్వాతి మూడు నెలల్లో వాళ్లు రాసిన ఓపియాయిడ్ మొత్తం, ఉత్తరం అందని డాక్టర్లతో పోలిస్తే 9.7 శాతం తగ్గింది. ఆ ఫలితాలు 2018లో ప్రచురించారు. చాలామంది డాక్టర్లకు తమ పేషెంటు పోయిన సంగతే తెలియదు. మీ కౌంటీ కార్యాలయాన్ని ఇలాంటిది చేయగలరేమో అడిగి చూడండి.

దూరంగా ఉన్న చిన్న క్లినిక్‌లు కూడా మీ పరిధిలో ఉంటే ప్రాజెక్ట్ ఎకో పద్ధతి చూడండి. న్యూ మెక్సికోలో డాక్టర్ సంజీవ్ అరోరా 2003లో హెపటైటిస్ సి కోసం మొదలుపెట్టింది. వారానికోసారి వీడియోలో అందరూ కలిసి, ఒకరు తమ పేషెంటు కేసు పెడితే మిగతావాళ్లు ఆలోచన చెబుతారు. ఓపియాయిడ్లకు ఇది బాగా నప్పుతుంది. కష్టమైన పేషెంటుతో డాక్టరు ఒంటరిగా మిగిలిపోకుండా ఉంటారు.

ఒక మినహాయింపు క్లాసులో గట్టిగా చెప్పండి. క్యాన్సర్ నొప్పి, చివరి రోజుల సంరక్షణ, సికిల్ సెల్ నొప్పి ఈ మార్గదర్శకాల పరిధిలోకి రావు. 2016 తర్వాత క్యాన్సర్ పేషెంట్లకు కూడా మందు తగ్గించేసిన డాక్టర్లు ఉన్నారు. ఎముకలకు పాకిన క్యాన్సర్‌తో ఒకావిడ, తన డాక్టరు మార్ఫిన్ పెంచడానికి ఒప్పుకోలేదని వీల్‌చెయిర్‌లో నా దగ్గరికి వచ్చారు. వాళ్లకు ఎంత అవసరమో అంత ఇవ్వాలి.

ఆరు నెలల తర్వాత ఫలితం కొలిచేటప్పుడు మొత్తం బిళ్లలు ఎన్ని తగ్గాయని మాత్రమే చూడకండి. నేను చూసేవి ఇవి: డోసు 50 దాటినవాళ్లలో ఎంతమంది ఇంట్లో నలాక్సోన్ ఉంది, ఓపియాయిడ్ బెంజో కలిపి ఉన్నవాళ్లు ఎంతమంది తగ్గారు, బ్యూప్రెనార్ఫిన్ ఎంతమందికి మొదలైంది, టేపర్ మొదలుపెట్టినవాళ్లలో ఎంతమంది ఇంకా మన దగ్గరికే వస్తున్నారు. నాలుగో అంకె పడిపోతుంటే మిగతా మూడు ఎంత బాగున్నా టేపర్లు అక్కడే ఆపి, రానివాళ్ల జాబితా తీసి ఫోన్లు మొదలుపెట్టండి.